ఓఈటీనా ఐఈఎల్టీఎస్సా? రైటింగ్ దగ్గర ఆగిపోయిన నర్సులకి ఏది మంచిది

గుంటూరు_స్టాఫ్‌నర్స్
అందరికీ నమస్తే. బీఎస్సీ నర్సింగ్ చేసి గుంటూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్ ఐసీయూలో పనిచేస్తున్నా. యూకే వెళ్దామని ఐఈఎల్టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాస్తున్నా. మొన్న మార్చిలో లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 7 వచ్చినయ్, రైటింగ్ మాత్రం 6 దగ్గర ఆగిపోయింది. ఎన్ఎంసీకి, అంటే యూకేలో నర్సుల్ని రిజిస్టర్ చేసే కౌన్సిల్‌కి, రైటింగ్ 6.5 ఉండాలి కదా, ఆ అర బ్యాండ్ కోసం మళ్ళీ ఫీజు కట్టాలి. నైట్ డ్యూటీ దిగొచ్చి గ్రాఫ్ చూసి 150 మాటలు రాయడం, ఆ తర్వాత సిటీల్లో ట్రాఫిక్ గురించో పిల్లల టీవీ గురించో 250 మాటల ఎస్సే రాయడం, ఎంత కూర్చున్నా బుర్రకెక్కట్లేదు. మా వార్డులో వాళ్ళు ఓఈటీకి మారిపో, అది మన హెల్త్ ఫీల్డ్ వాళ్ళ ఇంగ్లీష్ పరీక్ష అంటున్నారు. దాని ఫీజు చూస్తే ఐఈఎల్టీఎస్ కన్నా బాగా ఎక్కువ. నాన్న అప్పు తెచ్చి కడుతున్నారు కాబట్టి ఈసారి అన్నీ కనుక్కునే కట్టాలనుకుంటున్నా. రెండూ రాసినవాళ్ళు ఉంటే ప్లీజ్ చెప్పండి.

కరీంనగర్_బ్రదర్
సేమ్ నా పరిస్థితి సిస్టర్. నేను ఓఈటీకి ప్రిపేర్ అయితున్న. ఈ థ్రెడ్ ఫాలో అయిత.

లీడ్స్_వార్డు
గుంటూరు సిస్టర్, ఓఈటీ సంగతి తర్వాత, ముందు ఒక లెక్క చూసుకోండి. ఎన్ఎంసీ రెండు సార్లు రాసిన స్కోర్లు కలుపుకోనిస్తుంది, దీన్నే మనవాళ్ళు క్లబ్బింగ్ అంటారు. ఇదివరకు రెండు పరీక్షల మధ్య 6 నెలలే టైమ్ ఉండేది, 2023 ఫిబ్రవరి నుంచి 12 నెలలు చేశారు. రెండు సార్లలో ఏదో ఒకసారి ప్రతి సెక్షన్‌లో కావాల్సిన స్కోరు వచ్చుండాలి, అంటే లిజనింగ్ రీడింగ్ స్పీకింగ్ 7, రైటింగ్ 6.5. అలాగే ఏ సారి కూడా ఆ మూడింట్లో 6.5 కన్నా, రైటింగ్‌లో 6 కన్నా కిందకి పడకూడదు. మీ పాత రిజల్ట్ ఏదన్నా ఉంటే తీసి చూడండి, బహుశా మీరు మళ్ళీ రాయక్కర్లేదేమో!

గుంటూరు_స్టాఫ్‌నర్స్
అక్కా ఇప్పుడే తీసి చూశా. పాతదాంట్లో రైటింగ్ 6.5 ఉంది, స్పీకింగ్ 6.5. కానీ ఆ పరీక్షకీ మార్చి పరీక్షకీ మధ్య ఏడాది దాటిపోయింది. ఈ రూల్ కోచింగ్‌లో ఒక్కళ్ళు కూడా చెప్పలేదు, మళ్ళీ బ్యాచ్‌లో చేరమన్నారు అంతే.

ఇంగ్లీష్_సార్_దిల్‌సుఖ్‌నగర్
నేను నర్సులకి రెండు పరీక్షలూ చెప్తాను కాబట్టి మాట్లాడుతున్నానమ్మా. పాతది పోతే పోయింది, మార్చి రిజల్ట్ మీ చేతిలో ఉంది కదా. వచ్చే మార్చి లోపు ఇంకొక్కసారి రాసి రైటింగ్ 6.5 తెచ్చుకుంటే చాలు, మిగతా మూడు 6.5కి తగ్గకుండా ఉంటే కలుపుకోవచ్చు. మొత్తం అన్నిట్లో 7 తేవాలన్న ఒత్తిడి మీకు లేదు. అదే ఓఈటీకి మారితే ఐఈఎల్టీఎస్ స్కోరు అందులో కలవదు, ఒకే పరీక్ష రెండు సార్లు రాసినవే కలుపుతారు. అక్కడ లిజనింగ్ రీడింగ్ స్పీకింగ్ మూడింట్లో బి గ్రేడ్ అంటే 500కి 350, రైటింగ్‌లో సి ప్లస్ అంటే 300, అన్నీ మొదట్నుంచి తెచ్చుకోవాలి. లెక్క ప్రకారం చూస్తే మీకు ఐఈఎల్టీఎస్సే దగ్గర.

ఇంకోటి, రైటింగ్ ఆగిపోయినవాళ్ళలో నేను చూసేది టైమ్ గొడవే. గంటలో గ్రాఫ్‌కి అరగంట పెట్టేసి ఎస్సే చివర్లో గబగబా గిలికేస్తారు. మార్కుల్లో ఎస్సేకి రెట్టింపు విలువ, అది ముందు రాసేయండి, నలభై నిమిషాలు దానికే. బట్టీ పట్టిన పేరాలు మాత్రం దించొద్దు, ఎగ్జామినర్‌కి ఇట్టే తెలిసిపోతుంది.

లీడ్స్_వార్డు
సార్ చెప్పిన లెక్క కరెక్టే, కాదనను. కానీ నేను మాత్రం ఓఈటీ వైపే ఉంటా. ఎందుకంటే ఐఈఎల్టీఎస్ ఎస్సే కోసం నేర్చుకున్నది నేను ఇక్కడ ఒక్క రోజు కూడా వాడలేదు. ఓఈటీ రైటింగ్‌లో రాసే లెటర్ కోసం నేర్చుకున్నది, స్పీకింగ్‌లో పేషెంట్‌తో మాట్లాడినట్టు చేసే రోల్ ప్లే కోసం నేర్చుకున్నది రోజూ వాడతా. డిశ్చార్జ్ అయ్యే పేషెంట్ గురించి కమ్యూనిటీ నర్సుకి రాయాలి, కొడుకు ఫోన్ చేసి మా అమ్మకి ఎలా ఉంది అంటే చెప్పాలి. ఎలాగూ చదవాలి కదా, పనికొచ్చేది చదివితే నయం.

కరీంనగర్_బ్రదర్
అక్కా నాకొక డౌట్, డౌట్ కాదు బాధ అనుకోండ్రి. మనం నాలుగేండ్లు బీఎస్సీ ఇంగ్లీష్‌లనే చదివినం, థియరీ పేపర్లు ఇంగ్లీష్‌లనే రాసినం, నర్సెస్ నోట్స్ ఇంగ్లీష్, డాక్టర్ రౌండ్స్ ఇంగ్లీష్. మళ్ళ ఈ పరీక్ష ఎందుకు? గింత ఫీజు కట్టి మాకు ఇంగ్లీష్ వస్తదని మళ్ళ నిరూపించుకోవాల్నా? డిగ్రీ సర్టిఫికెట్ల మీడియం ఇంగ్లీష్ అని రాసి ఉన్నది కదా, అది సరిపోదా? పేదింటోళ్ళకు ఇది మస్తు బరువు.

మెల్‌బోర్న్_నుంచి
బ్రదర్, మీడియం ఇంగ్లీష్ అని కాలేజీ ఇచ్చే లెటర్ ఒక్కటీ పెడితే ఎన్ఎంసీ తీసుకోదు. మెజారిటీ జనం ఇంగ్లీష్ మాట్లాడే దేశంలో చదివుంటే వేరు, మన దేశం ఆ లిస్టులో లేదు. ఒక దారి ఉంది, ఇప్పటికే యూకేలో హెల్త్ కేర్ అసిస్టెంట్‌గానో కేర్ హోమ్‌లోనో ఏడాది పైన చేస్తున్నవాళ్ళకి, ఇంగ్లీష్ మీడియంలో చదివుంటేనో లేక పరీక్షలో ఒక్క సెక్షన్ కొద్దిలో పోయుంటేనో, వాళ్ళ ఎంప్లాయర్ రాసిచ్చే సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ ఫారం ఉంటుంది. ఇండియాలో కూర్చుని అప్లై చేసేవాళ్ళకి అది వర్తించదు. పైగా 2025 జులై 22 నుంచి కేర్ వర్కర్ వీసా మీద బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడం ఆపేశారు, కాబట్టి ముందు కేర్ హోమ్‌లో చేరి తర్వాత నర్సు అవుదాం అనే ప్లాన్ ఎవరన్నా చెప్తే నమ్మకండి.

పరీక్ష ఎందుకు అన్నారు కదా. ఓఈటీ పుట్టిందే ఈ ప్రశ్న మీద. 1980ల చివర్లో ఆస్ట్రేలియా గవర్నమెంట్ కోసం మెల్‌బోర్న్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టిమ్ మెక్‌నమారా దీన్ని తయారుచేశారు, బయట నుంచి వచ్చే డాక్టర్లు నర్సులు పేషెంట్‌తో మాట్లాడగలరా లేదా అన్నది చూడాలి కానీ మామూలు ఇంగ్లీష్ పరీక్ష పెడితే ఏం తెలుస్తుంది అని. అందుకే 12 వృత్తులకి రైటింగ్, స్పీకింగ్ వేర్వేరుగా ఉంటాయి, నర్సింగ్‌కి ఒకటి, ఫిజియోకి ఒకటి, ఫార్మసీకి ఒకటి, పశువుల డాక్టర్లకి కూడా. యూకేలో ఎన్ఎంసీ దీన్ని 2017 నవంబర్ నుంచి తీసుకుంటోంది.

లీడ్స్_వార్డు
కరీంనగర్ తమ్ముడూ, నీ బాధ నిజమే, ఫీజు విషయంలో నేనూ అదే అంటా. కానీ పరీక్ష అవసరమా అంటే మాత్రం అవసరమే అంటా, ఎందుకో చెప్తా విను. ఇక్కడ నైట్‌లో 28 మంది పేషెంట్ల వార్డులో ఇద్దరు ముగ్గురు నర్సులం ఉంటాం. రాత్రి మూడింటికి ఒకాయనకి న్యూస్ స్కోర్, అంటే బీపీ, పల్స్ లాంటివి చూసి పేషెంట్ ఎంత సీరియస్‌గా ఉన్నాడో చెప్పే లెక్క, 7 అయింది, బీపీ పడిపోతోంది, రెస్పిరేటరీ రేటు పెరుగుతోంది. డాక్టర్ వేరే బిల్డింగ్‌లో ఉంటారు, బ్లీప్ (పేజర్) చేస్తే ఫోన్ చేస్తారు. ఫోన్‌లో మన మొహం కనపడదు, చెయ్యి ఊపి చూపించలేం. పేషెంట్ ఎవరు, ఎందుకు చేరారు, ఇప్పుడు నేను ఏం చూస్తున్నా, మీరు ఏం చెయ్యాలి అని నాలుగు ముక్కల్లో వరసగా చెప్పాలి, దాన్నే ఎస్‌బార్ అంటారు. అవతల డాక్టర్ స్కాటిష్ యాసలో ఏదో డోస్ చెప్తాడు, ఒక్కసారే చెప్తాడు, అది సరిగ్గా విని తిరిగి చదివి వినిపించాలి. మనూళ్ళో ఇంగ్లీష్‌లో రాస్తాం, నిజమే, కానీ పేషెంట్‌తో తెలుగు, తోటి సిస్టర్లతో తెలుగు, డాక్టర్‌తో సగం సగం. ఇక్కడ పేషెంట్ భయపడుతున్నప్పుడు కూడా ఇంగ్లీష్‌లోనే ధైర్యం చెప్పాలి. అది వేరే విద్య.

కరీంనగర్_బ్రదర్
సమజైందక్కా. ఫోన్ ముచ్చట చెప్పినంక అర్థమైంది. ఫీజు తగ్గించాలె అనే మాట మీద మాత్రం ఉంటా.

డాక్టర్_మదనపల్లె
మధ్యలో దూరుతున్నా, నర్సుల థ్రెడ్ అయినా డాక్టర్లు కూడా చదువుతారు కాబట్టి. యూకేలో డాక్టర్లని రిజిస్టర్ చేసే జీఎంసీకి ఐఈఎల్టీఎస్ అయితే మొత్తం 7.5, ఏ సెక్షన్‌లోనూ 7కి తగ్గకూడదు. ఓఈటీ మెడిసిన్ అయితే నాలుగింట్లోనూ బి, రైటింగ్‌కి సి ప్లస్ సడలింపు మాకు లేదు, అన్నీ ఒకే సిట్టింగ్‌లో రావాల, క్లబ్బింగ్ లేదు. కాబట్టి నర్స్ ఫ్రెండ్స్ చెప్పిన రూల్ విని డాక్టర్లు ఫీజు కట్టేయొద్దు. అమెరికా రెసిడెన్సీకి పోయేవాళ్ళకి కూడా ఈసీఎఫ్ఎంజీ (బయటి దేశాల డాక్టర్లకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) దారిలో ఓఈటీ మెడిసిన్ అడుగుతున్నారు. నేను చూసినంతలో ఓఈటీ స్పీకింగ్‌కి చేసిన ప్రాక్టీస్ జీఎంసీ పెట్టే ప్లాబ్ 2 ప్రాక్టికల్ పరీక్షలో నేరుగా పనికొచ్చింది, అక్కడ కూడా రోల్ ప్లేయరే కూచోని ఉంటాడు.

గుంటూరు_స్టాఫ్‌నర్స్
ఓఈటీ లెటర్ అంటే ఎలా ఉంటుందో ఎవరన్నా కాస్త వివరంగా చెప్తారా? యూట్యూబ్‌లో చూశా కానీ ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

ఇంగ్లీష్_సార్_దిల్‌సుఖ్‌నగర్
చెప్తానమ్మా. మొత్తం 45 నిమిషాలు, అందులో మొదటి 5 నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే, రాయనివ్వరు. తర్వాత 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల లెటర్. ఎక్కువగా రిఫరల్, డిశ్చార్జ్, ట్రాన్స్‌ఫర్.

ఉదాహరణకి నేను క్లాసులో ఇచ్చే ఒక కేసు. 72 ఏళ్ళావిడ, కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది, రేపు ఇంటికి వెళ్తుంది, ఒంటరిగా ఉంటుంది, కూతురు వేరే ఊళ్ళో. షుగర్ ఉంది. గాయం దగ్గర కొద్దిగా ఎరుపు. చిన్నప్పుడు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. తోటపని ఇష్టం. రిటైర్డ్ టీచర్. పెన్సిలిన్ పడదు. ఆపరేషన్ రెండో రోజు వాంతులు, ఇప్పుడు లేవు. మీరు డిస్ట్రిక్ట్ నర్సుకి, అంటే ఇళ్ళకి వెళ్ళి చూసే నర్సుకి, రాయాలి, రోజూ డ్రెస్సింగ్ చెయ్యమని, షుగర్ చూడమని.

మన పిల్లలు ఏం చేస్తారంటే నోట్స్‌లో ఉన్నవన్నీ పైనుంచి కిందకి వరసగా వాక్యాలు చేసి పెడతారు. అపెండిక్స్ కూడా వచ్చేస్తుంది, రెండో రోజు వాంతులు కూడా వచ్చేస్తాయి, అసలు ఈ లెటర్ ఎందుకు రాస్తున్నారో చివరి లైన్లో ఉంటుంది. ఆ డిస్ట్రిక్ట్ నర్సు రేపు పొద్దున కారులో కూర్చుని ఈ లెటర్ చదువుతుంది అనుకోండి. ఆమెకి మొదటి పేరాలోనే కావాల్సింది ఏంటి? "ఐ యామ్ రైటింగ్ టు రిఫర్ దిస్ పేషెంట్, హూ ఈజ్ రికవరింగ్ ఫ్రమ్ ఎ రైట్ నీ రీప్లేస్‌మెంట్, ఫర్ డైలీ వూండ్ కేర్ అండ్ బ్లడ్ షుగర్ మానిటరింగ్." అయిపోయింది, పర్పస్ మార్కులు అక్కడే పడతాయి. తర్వాత పేరాలో గాయం సంగతి, ఎరుపు సంగతి, షుగర్ సంగతి, ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవి కాబట్టి కలిపి. ఒంటరిగా ఉంటుంది అన్నది రాయాలి, ఎందుకంటే ఆమె గాయం చూసేవాళ్ళు లేరు. పెన్సిలిన్ పడదు అన్నది తప్పక రాయాలి, గాయం చీము పడితే యాంటీబయాటిక్ ఇస్తారు కదా. అపెండిక్స్ వదిలేయాలి. తోటపని? అదొక్కటి ఆలోచించండి, ఫిజియోకి రాసే లెటర్ అయితే అది పనికొస్తుంది, ఎందుకంటే ఆమె వంగి పనిచేయాలని కోరుకుంటుంది. డ్రెస్సింగ్ నర్సుకి అక్కర్లేదు. అంటే ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్నది నోట్స్‌లో ఉండదు, చదివేవాళ్ళని బట్టి ఉంటుంది. ఐసీయూలో పనిచేసే మీకు ఇది గ్రామర్ కన్నా బాగా వచ్చు, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తూ రోజూ చేసే పనే ఇది.

ఇంకా "ది పేషెంట్ ఈజ్ హ్యావింగ్ ఫీవర్", "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" ఈ రెండూ మానేయండి. షార్ట్ ఫారాలు కూడా, నోట్స్‌లో ఉన్నట్టు బీడీ, పీఆర్ఎన్ అని దించకుండా రోజుకి రెండుసార్లు, అవసరమైనప్పుడు అని విడమరిచి రాయండి.

గుంటూరు_స్టాఫ్‌నర్స్
సార్ ఇంత వివరంగా ఎక్కడా వినలేదు, చాలా థ్యాంక్స్ అండి. తోటపని విషయం చదివాక లెటర్ అంటే ఏంటో అర్థమైంది.

డబ్లిన్_నైట్స్
స్పీకింగ్ గురించి నేను చెప్తా, ఎందుకంటే మన తెలుగువాళ్ళకి అక్కడ ఒక అలవాటు అడ్డొస్తుంది. రోల్ ప్లేలు రెండు ఉంటాయి, ఒక్కోటి ఐదు నిమిషాలు, కార్డు చదవడానికి మూడు నిమిషాలు ఇస్తారు. ముందు మీ గురించి అడిగే కబుర్లకి మార్కులు లేవు, కంగారుపడొద్దు. అవతల పేషెంట్‌గా మాట్లాడే మనిషి మార్కులు వెయ్యరు, రికార్డింగ్ వేరే ఎగ్జామినర్లకి వెళ్తుంది.

కార్డులో, అరవై ఏళ్ళాయన, షుగర్, ఇన్సులిన్ మొదలుపెట్టాలంటే వద్దంటున్నాడు, నచ్చజెప్పండి అని ఉంటుంది అనుకోండి. మనం ఏం చేస్తాం? వెంటనే ఇన్సులిన్ వేసుకోకపోతే కిడ్నీలు పోతాయి, కళ్ళు పోతాయి, కాబట్టి వేసుకోవాలి, స్వీట్లు తినొద్దు, రోజూ నడవండి అని గడగడా చెప్పేస్తాం. మన ఓపీల్లో వంద మంది లైన్లో ఉంటారు, అలా చెప్పకపోతే పని జరగదు, అది తప్పు అనట్లేదు. ఓఈటీలో మాత్రం ముందు అడగాలి. "కెన్ ఐ ఆస్క్ వాట్ వరీస్ యూ అబౌట్ ఇన్సులిన్?" అని అడిగి ఆగాలి. నిజంగా ఆగాలి, రెండు సెకన్లు నిశ్శబ్దం వచ్చినా పర్లేదు. అప్పుడు ఆ పేషెంట్ చెప్తాడు, మా అన్నకి ఇన్సులిన్ మొదలుపెట్టిన ఏడాదికే కాలు తీసేశారు అని. అసలు భయం అది! కార్డులో మనకి కనపడదు, అడిగితేనే బయటికొస్తుంది. అప్పుడు "ఐ యామ్ సారీ టు హియర్ అబౌట్ యువర్ బ్రదర్" అని, కాలు పోవడానికి కారణం ఇన్సులిన్ కాదు, షుగర్ చాలా ఏళ్ళు ఎక్కువగా ఉండిపోవడం అని చెప్పాలి, చెప్పి అర్థమైందా అని చెక్ చెయ్యాలి. క్లినికల్ కమ్యూనికేషన్ అని వేరే మార్కులు ఉన్నాయి, రిలేషన్‌షిప్ బిల్డింగ్, పేషెంట్ వైపు నుంచి ఆలోచించడం, సమాచారం రాబట్టడం, ఇవన్నీ అక్కడ. ఇంగ్లీష్ ఎంత బాగా మాట్లాడినా ఈ వైపు వదిలేసి లెక్చర్ ఇస్తే మార్కులు పోతాయి.

యాస గురించి భయం వద్దు. తెలుగు యాస ఉన్నా అర్థమైతే చాలు. కాకపోతే మాట చివర ఉకారం తగిలించకండి, జెడ్ వచ్చేచోట జ పలక్కండి, ఈ రెండూ సరిచేసుకుంటే సగం పని అయిపోతుంది.

ఐర్లాండ్ స్కోర్లు కూడా రాస్తున్నా ఎవరికన్నా పనికొస్తుందేమో. అక్కడి నర్సింగ్ బోర్డు ఎన్ఎంబీఐకి ఐఈఎల్టీఎస్ మొత్తం 7, ఏవైనా మూడింట్లో 7, ఏదో ఒక్కదాంట్లో 6.5 ఉన్నా పర్లేదు. ఓఈటీ అయితే మూడింట్లో బి, ఒక్కదాంట్లో సి ప్లస్. గమనించండి, ఇక్కడ తగ్గేది రైటింగే కావాలని లేదు. స్పీకింగ్‌లోనో లిజనింగ్‌లోనో ఆగిపోయినవాళ్ళు ఐర్లాండ్ చూసుకోవచ్చు. డెసిషన్ లెటర్ వచ్చాక హాస్పిటల్లో అడాప్టేషన్ (కొన్నాళ్ళు పర్యవేక్షణలో పని) కానీ, డబ్లిన్‌లోని ఆర్‌సీఎస్ఐ కాలేజీలో ఆప్టిట్యూడ్ టెస్ట్ కానీ ఉంటుంది.

మెల్‌బోర్న్_నుంచి
ఆస్ట్రేలియాలో కూడా 2025 మార్చి నుంచి రైటింగ్ తగ్గించారు, ఐఈఎల్టీఎస్ అయితే 6.5, ఓఈటీ అయితే సి ప్లస్, మిగతా మూడూ 7 లేదా బి. ఇదివరకు అన్నిట్లో 7 అడిగేవాళ్ళు. యూకేలోనో ఐర్లాండ్‌లోనో రిజిస్టర్ అయి 1,800 గంటలు పనిచేసిన నర్సులకి 2025 ఏప్రిల్ నుంచి ఇక్కడ సులువు దారి కూడా పెట్టారు.

రియాద్_సిస్టర్
నేను చాలా ఏళ్ళుగా సౌదీలో చేస్తున్నానండి, ఇక్కడికి ప్రొమెట్రిక్ (గల్ఫ్ దేశాల లైసెన్స్ పరీక్ష) రాసి వచ్చాను, అప్పుడు ఇంగ్లీష్ పరీక్ష ఏమీ అడగలేదు. వార్డులో ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఈజిప్ట్ వాళ్ళు, మలయాళీలు అందరం ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకుంటాం. ఈ అనుభవం చూపిస్తే పరీక్ష అక్కర్లేదా? పిల్లలు ఏలూరులో మా అమ్మ దగ్గర ఉన్నారు, ఇప్పుడు పుస్తకం పట్టుకుని కూర్చోవాలంటే టైమ్ ఉండట్లేదు.

లీడ్స్_వార్డు
అక్కా, సౌదీ అనుభవం ఇంగ్లీష్‌కి రుజువుగా లెక్కలోకి రాదు, ఇంగ్లీష్ మెజారిటీ భాషగా ఉన్న దేశంలో చేసిన పనే తీసుకుంటారు. కానీ మీకు ఓఈటీ లిజనింగ్ చాలా తేలిగ్గా వస్తుంది చూడండి, అన్ని దేశాల ఇంగ్లీష్ వినే చెవి మీకు ఇప్పటికే ఉంది. సౌదీలోనే సెంటర్లు ఉన్నయి, ఇండియా రానక్కర్లేదు. టైమ్ లేదన్నారు కదా, రీడింగ్ పార్ట్ ఎ ఒక్కటి రోజూ చేయండి. 15 నిమిషాల్లో నాలుగు చిన్న టెక్స్ట్‌లు చూసి 20 జవాబులు వెతకాలి, అది తెలివి కాదు, వేగం, అలవాటైతే వచ్చేస్తుంది. స్పెల్లింగ్ మాత్రం అక్కడ తప్పు పోకూడదు, పేజీలో ఉన్న మాట ఉన్నట్టు దించాలి. ఆ 15 నిమిషాలు కాగానే పార్ట్ ఎ అయిపోతుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళలేరు. మిగతా పార్ట్ బి, సి కలిపి 45 నిమిషాలు. లిజనింగ్ ఆడియో ఒక్కసారే వేస్తారు, తిరిగి వెయ్యరు.

గుంటూరు_స్టాఫ్‌నర్స్
ఇంకో ముఖ్యమైన విషయం అడగాలి. ఒక ఏజెంట్ ఫోన్ చేసి మూడు లక్షలు కడితే పరీక్ష రాయకుండా ఓఈటీ సర్టిఫికెట్ తెప్పిస్తాం, ఆన్‌లైన్‌లో కూడా కనపడుతుంది, సగం ముందు సగం తర్వాత అన్నాడు. మా హాస్పిటల్లో ఇద్దరు కట్టడానికి రెడీ అవుతున్నారు. నేను కట్టను, కానీ వాళ్ళకి ఏం చెప్పాలి?

ఇంగ్లీష్_సార్_దిల్‌సుఖ్‌నగర్
దయచేసి ఆపండి వాళ్ళని. ఇవాళే చెప్పండి. రిజల్ట్‌ని రెగ్యులేటర్, అంటే ఎన్ఎంసీ లాంటి కౌన్సిల్, నేరుగా ఓఈటీ వాళ్ళ దగ్గర చెక్ చేస్తుంది, కాగితం చూసి వదిలెయ్యరు. దొరికితే ఆ అప్లికేషన్‌తో పోదు, మోసం చేసిన పేరు జీవితాంతం వెంట ఉంటుంది, వేరే దేశానికి అప్లై చేసినా ఎప్పుడన్నా రిజెక్ట్ అయ్యారా అని అడుగుతారు.

నైజీరియాలో ఇబాదాన్‌లో ఒక సెంటర్‌లో రాసిన ఎన్ఎంసీ నర్సింగ్ కంప్యూటర్ పరీక్షల మీద 2023లో అనుమానం వచ్చింది, అక్కడ రాసినవాళ్ళ ఫైళ్ళన్నీ తిరగదోడారు, అప్పటికే యూకే వార్డుల్లో పనిచేస్తున్నవాళ్ళని కూడా మళ్ళీ రాయమన్నారు. మన దేశంలోనే 2022లో గుజరాత్ మెహసాణా కుర్రాళ్ళు కెనడా నుంచి అమెరికాలోకి పడవలో వెళ్తూ దొరికారు, ఐఈఎల్టీఎస్‌లో మంచి బ్యాండ్లు ఉన్నాయి, కోర్టులో జడ్జి అడిగితే ఇంగ్లీష్‌లో జవాబు చెప్పలేకపోయారు, దాంతో పరీక్ష దందా మొత్తం బయటపడి కేసులు పెట్టారు.

డబ్లిన్_నైట్స్
సార్‌కి తోడు నేనొకటి. రికార్డులు పక్కన పెట్టండి, ఆ సర్టిఫికెట్‌తో వచ్చి వార్డులో నిలబడితే ఏం చేస్తారు? లీడ్స్ అక్క చెప్పిన ఆ రాత్రి మూడింటి ఫోన్ ఎవరు మాట్లాడతారు? డోస్ తప్పు విని ఇస్తే పోయేది ఒక మనిషి ప్రాణం. వాళ్ళిద్దరికీ ఇది నేను చెప్పానని చెప్పండి.

డబ్బు విషయం కూడా తెలుసుకోండి. యూకే రిక్రూట్‌మెంట్ కోడ్ ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదు. మన గవర్నమెంట్ రూల్ ప్రకారం, విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంట్లని నమోదు చేసే ఈమైగ్రేట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ కూడా 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఈమైగ్రేట్ సైట్‌లో ఏజెంట్ పేరు కొట్టి చూస్తే ఉందో లేదో తెలిసిపోతుంది. లక్షల్లో అడిగాడంటేనే లెక్క తేడా.

కరీంనగర్_బ్రదర్
తెలంగాణోళ్ళకు టామ్‌కామ్ ఉన్నది, గవర్నమెంట్‌దే, నర్సులను జర్మనీకి గిట్ల పంపిస్తున్నరు, జర్మన్ భాష కూడా నేర్పిస్తున్నరు. ఇంగ్లీష్ స్కోర్ కాడ ఆగిపోయినోళ్ళు అది కూడా చూడుండ్రి, కానీ బి2 లెవెల్ దాకా జర్మన్ రావాలె, అది కూడా ఉత్తగ రాదు, ఏడాది కూసోవాలె.

తిరుపతి_ఫైనల్‌ఇయర్
అక్కా నేను ఇంకా ఫైనల్ ఇయర్‌లో ఉన్నా, టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇప్పట్నుంచే ఓఈటీ కోచింగ్‌లో చేరాలా? యూకేలో ఇప్పుడు జాబ్స్ లేవంటున్నారు కదా, దేనికి చదవాలో కూడా తెలీట్లేదు.

లీడ్స్_వార్డు
జాబ్స్ తగ్గిన మాట నిజమేనమ్మా, దాచేది లేదు. 2024-25లో బయటి దేశాల నుంచి ఎన్ఎంసీ రిజిస్టర్‌లో కొత్తగా చేరినవాళ్ళు అంతకుముందు ఏడాది కన్నా 30 శాతం తగ్గారు. అందుకే నీకు ఇప్పుడే పరీక్ష వద్దు. స్కోరు రెండేళ్ళే పనికొస్తుంది, ఇప్పుడు రాసి పెట్టుకుంటే నువ్వు ఎక్స్‌పీరియన్స్ తెచ్చుకునేలోపు అయిపోతుంది. కోర్సు పూర్తి చెయ్యి, మంచి హాస్పిటల్లో వార్డు పని నేర్చుకో. ఈలోపు రోజూ ఒక పేషెంట్ గురించి ఐదు లైన్లు ఇంగ్లీష్‌లో రాసుకో, పేరు లేకుండా. ఫ్రెండ్‌తో రోల్ ప్లే చెయ్యి, ఒకరు సిస్టర్, ఒకరు పేషెంట్. తెలుగు మీడియం అని వెనక్కి తగ్గొద్దు, మా వార్డులో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు సీనియర్లుగా ఉన్నారు.

గుంటూరు_స్టాఫ్‌నర్స్
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. నేను ఇలా అనుకుంటున్నా, ఐఈఎల్టీఎస్ ఒక్కసారి రాస్తా, వచ్చే మార్చి లోపే, ఎస్సే ముందు రాసేలా ప్రాక్టీస్ చేసుకుని. 6.5 వస్తే కలుపుకుంటా. రాకపోతే ఓఈటీకి మారతా, ఈలోపు సార్ చెప్పినట్టు లెటర్లు కూడా వారానికి రెండు రాస్తుంటా. మా వార్డులో ఆ ఇద్దరితో మాట్లాడా, ఒకమ్మాయి వెంటనే మానేసింది, ఇంకొకళ్ళు ఆలోచిస్తున్నారు. ఇంకొక్క డౌట్, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, నర్సింగ్ కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఒక్క ఇనీషియలే ఉంది. పరీక్ష ఏ పేరుతో బుక్ చెయ్యాలి?

మెల్‌బోర్న్_నుంచి
పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, అక్షరం తేడా లేకుండా. ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉందో, గివెన్ నేమ్‌లో కలిసి ఉందో చూసుకుని అదే వరసలో కొట్టండి. పరీక్ష రోజు పాస్‌పోర్టుతో పోలుస్తారు, తేడా ఉంటే లోపలికి పంపరు. కౌన్సిల్ సర్టిఫికెట్ సంగతి వేరే, అక్కడ రెండు పేర్లూ ఒకే మనిషివి అని నోటరీ అఫిడవిట్ చేయించి ఉంచుకోండి. వీలైతే కౌన్సిల్‌లోనే పూర్తి పేరుకి మార్పించండి, వెరిఫికేషన్ కాగితాలు అక్కడ్నుంచే వెళ్తాయి, అది లేట్ అయితే మీ ఫైల్ మొత్తం ఆగుతుంది.

గుంటూరు_స్టాఫ్‌నర్స్
సరే అండి, ఎల్లుండి ఆఫ్ ఉంది, విజయవాడ వెళ్ళి కౌన్సిల్‌లో అప్లికేషన్ పెట్టొస్తా.